నాలుగో గిన్నె

ఆ వీధిలో చైనా హోటలు అదొక్కటే. ఒకవైపు టైర్ల కొట్టు, ఇంకోవైపు మందుల షాపు, వాటి మధ్య ఇరుక్కుని ఉంటుంది. గుమ్మానికి రెండు ఎర్ర కాగితపు దీపాలు. లోపలికి వెళ్ళగానే చేపల తొట్టి, అందులో ఎవరినీ పట్టించుకోని లావుపాటి చేప ఒకటి. గోడ మీది బంగారు డ్రాగనుకి తోక దగ్గర రంగు పెచ్చులూడిపోయింది. లోపల వండేవాళ్ళు చైనావాళ్ళేనా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నూడుల్స్ పొగలు కక్కుతూ వస్తే చాలు, వంటవాడి పుట్టుపూర్వోత్తరాలతో ఎవరికి పని? సాయంత్రం దీపాలు వేసే వేళకే సగం బల్లలు నిండిపోతాయి.

ఆ సాయంత్రం వాన పడుతోంది. కళ్ళజోళ్ళాయన గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. పక్క వీధిలో కళ్ళజోళ్ళ షాపు ఆయనదే. వెనకాల కూతురు, ఆ పిల్ల వెనకాల ఆయన రెండో భార్య.

కూతురు రెండో తరగతి. ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు. ఒకప్పుడు ఇల్లంతా కిచకిచలాడేది కాబట్టి ఆ పేరొచ్చింది. తల్లి జ్వరంతో ఆస్పత్రిలో చేరి తిరిగి రాలేదు. అప్పటినుంచీ పేరు మిగిలింది గానీ కిచకిచలు పోయాయి. ఇక రెండో భార్యని ఇరుగుపొరుగువాళ్ళు కొత్తావిడ అంటారు. పెళ్ళై ఏడాది దాటింది. కొత్త చెప్పులైనా ఏడాది తొడిగితే పాతబడతాయి. ఈమె మాత్రం పాతబడలేదు. వాళ్ళు నోరారా "కొత్తావిడా, కూరలు కొన్నావా?" అని పలకరిస్తుంటే ఈమె నవ్వి ఊరుకునేది. లోపల మాత్రం ఉడికిపోయేది.

పెళ్ళికి ముందు ఆమె కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే చిన్న వర్క్‌షాపులో పనిచేసేది. ఫ్రేము కొలత చూసి, అద్దాన్ని రాయి మీద అరగదీసి, అంచు నునుపుచేసి బిగించడం ఆమె పని. కళ్ళజోళ్ళాయన షాపుకి సరుకు అక్కడినుంచే వెళ్ళేది. పరిచయం అలాగే అయింది. పెళ్ళైన కొత్తలో ఆమె కళ్ళజోడు కింద పడి విరిగింది. ఆయన బీరువా తెరిచి, మొదటి భార్య కళ్ళజోడు తీసి ఇచ్చాడు. తేనె రంగు ఫ్రేము, చెవి దగ్గర సన్నటి గీత.

"మంచి ఫ్రేము. పారేయడం ఎందుకు? నీ పవరు అద్దాలు బిగించుకో," అన్నాడు.

ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకి అది తప్పుగా తోచదు. ఇంకొకరైతే చచ్చిపోయిన మనిషి వస్తువు ముట్టుకోవడానికి వెనకాడేవారేమో. ఆమె తన చేతులతోనే పాత అద్దాలు ఊడదీసి, కొత్తవి అరగదీసి, బిగించి, పెట్టుకుంది. అద్దంలో చూసుకుంటే బాగానే ఉంది. ఆయన కూడా చూసి చాలాసేపు చూపు తిప్పుకోలేదు. ఆ చూపు తనకోసం కాదని ఆమెకి అప్పుడే అర్థమైంది. అర్థమైనా దిగమింగుకుంది.

ఆయన సంగతి సరే, మొగుడన్నాక ఏదో ఒకటి సర్దుకోవచ్చు. ఆమెని తినేస్తున్నది పిచ్చుక. తల దువ్వితే దువ్వించుకుంటుంది, పెడితే తింటుంది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకుంటుంది. కానీ పిలుపు మాత్రం "ఆంటీ". బడి దగ్గర వేరే పిల్లలు వాళ్ళ తల్లుల్ని పిలుస్తుంటే ఈమె తల పక్కకి తిప్పుకునేది. ఒక్కసారి ఆ పిల్ల నోట అమ్మా అనిపించుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేది. దానికోసం ఏం చెయ్యమన్నా చేసేది. చేసింది కూడా.

ఆ మధ్యాహ్నం పిచ్చుకకి జడ వేస్తూ అడిగింది.

"పుట్టినరోజు కదా, ఇవాళైనా నన్ను అమ్మా అనవే."

పిచ్చుక అద్దంలోంచి చూసింది. "అమ్మ వస్తానంది కదా. ఆస్పత్రి నుంచి రాగానే చైనా హోటల్లో గుండ్రబల్ల దగ్గర కూర్చుందాం అంది. ఇంకా రాలేదు."

"ఆ మాట నేను తీరుస్తాను. సాయంత్రం వెళ్దాం."

"అమ్మ కుర్చీలో కూర్చుంటావా?"

"కూర్చుంటాను."

"అమ్మలాగే తిప్పుతావా?"

"తిప్పుతాను."

పిల్ల కాసేపు ఆలోచించింది. తల్లికి ద్రోహం చేస్తున్నానేమో అన్న బెంగ ఆ చిన్న ముఖంలో కనిపించింది. చివరికి తల ఊపింది. "అప్పుడైతే అంటాను."

కొత్తావిడ గుండె తేలికపడింది. తనే బేరమాడింది, ఎవరి కుర్చీకి బేరమాడిందో మాత్రం ఆలోచించలేదు.

గుండ్రబల్ల హాల్లో ఉండదు. వెనకాల చిన్న గది, దానికి మెరూన్ రంగు తెర. బల్ల నడుమ ఇంకో గుండ్రటి పలక ఉంటుంది. గిన్నెలన్నీ దాని మీద పెడతారు. వేలితో తోస్తే అది తిరుగుతుంది, కావలసింది ఎదురుగా వస్తుంది. కళ్ళజోళ్ళాయన ఇంట్లోవాళ్ళకి అదొక ఆట. పిచ్చుక కళ్ళు మూసుకోవాలి, తల్లి పలక తిప్పాలి, ఏ గిన్నె వచ్చి పిల్ల ముందు ఆగితే అది మారాం చెయ్యకుండా తినాలి. పిల్ల చేత కాయగూరలు తినిపించడానికి మొదటావిడ కనిపెట్టిన ఉపాయం.

"అది అమ్మ కుర్చీ," అని గోడ వైపు కుర్చీ చూపించింది పిచ్చుక.

కొత్తావిడ కూర్చుంది. కుర్చీ చల్లగా ఉంది. వాన కదా అనుకుంది. ఆమెకి ఒక పక్క పిచ్చుక, ఇంకో పక్క ఆయన. ఎదురుగా ఒక కుర్చీ ఖాళీ.

వెయిటర్ నడివయసు మనిషి. ఈ కుటుంబాన్ని ఎరిగున్నవాడిలాగే నవ్వాడు. సూపు, నూడుల్స్, ఆవిరి మీద ఉడికించిన చేప, కాయగూరల వేపుడు తెచ్చి పలక మీద సర్దాడు. తర్వాత ఒక్కొక్కరి ముందూ చిన్న సూపు గిన్నె, చెంచా పెట్టాడు. ఆయన ముందు, పిచ్చుక ముందు, ఆమె ముందు, చివరికి ఖాళీ కుర్చీ ముందు.

"మేము ముగ్గురమే," అంది కొత్తావిడ.

వెయిటర్ ఖాళీ కుర్చీ వంక చూశాడు. తర్వాత తెర వంక చూశాడు. "ఆ మేడం చేతులు కడుక్కోవడానికి వెళ్ళారనుకున్నాను."

"ఏ మేడం?"

అతను కొంచెం తికమకపడ్డాడు. గిన్నె తీయబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి లాక్కుని వెళ్ళిపోయాడు.

"పరధ్యానం మనిషి," అన్నాడు కళ్ళజోళ్ళాయన, చేప వంక ఆబగా చూస్తూ. తిండి ముందుంటే ఆయనకి భూకంపమొచ్చినా తెలియదు.

కొత్తావిడ సూపు వడ్డించడానికి పెద్ద గిన్నె మూత తీసింది. ఆవిరి ఒక్కసారిగా ముఖానికి కొట్టి కళ్ళజోడు మీద తెల్లగా పరుచుకుంది. అల్లం వాసన, మిరియాల వాసన, వాటి అడుగున ఇంకో వాసన... స్పిరిట్ వాసన. ఆస్పత్రి మంచాల మధ్య నడుస్తుంటే వచ్చేది. పక్కన మందుల షాపుంది కదా అని సరిపెట్టుకుంది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

ఏదో తేడాగా ఉంది.

పక్కనున్న మొగుడి ముఖం అలికేసినట్టు కనిపిస్తోంది. పిచ్చుక కూడా అంతే. బల్ల మీది గిన్నెలు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతున్నాయి. అద్దాలతో బతికిన మనిషికి అలాంటిది ఇట్టే తెలుస్తుంది. ఇది మరకా కాదు, ఆవిరీ కాదు. అద్దం ఒకరిది, కన్ను ఇంకొకరిది అయితేనే లోకం ఇలా కనిపిస్తుంది. తన కంటికి సరిపోయేలా తన చేత్తో అరగదీసి బిగించుకున్న అద్దాలు... ఇప్పుడు తనవి కావు.

గది మొత్తంలో ఒక్కటే స్పష్టంగా కనిపిస్తోంది. ఎదురుగా ఉన్న కుర్చీ. దాని చెక్క మీది గీతలతో సహా. అందులో ఎవరూ లేరు. కానీ కూర్చునేచోట తడి ఉంది. ఎవరో తడిబట్టలతో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు, లేదా ఇంకా లేవనట్టు.

ఆమె కళ్ళజోడు తీసేయబోయింది.

"తియ్యకు," అంది పిచ్చుక. "అమ్మలాగున్నావు."

ఏడాదికి పైగా ఎదురుచూసిన మాటకి అంత దగ్గరగా వచ్చాక ఎవరు తీస్తారు? చెయ్యి దించేసింది.

ఆయన ఆమె వైపు తిరిగాడు. ముఖం కనపడలేదు, గొంతు మాత్రం మెత్తబడింది. పెళ్ళైనప్పటినుంచీ ఆమె ఎన్నడూ వినని గొంతు. ఆ గొంతుతో ఆయన ఒక ముద్దుపేరు పెట్టి పిలిచాడు.

అది ఆమె పేరు కాదు. ఇదివరకు నిద్రమత్తులో ఆయన అలా పిలిచినప్పుడల్లా ఆమె "నేను కాదండీ" అని సరిదిద్దేది, తర్వాత అటు తిరిగి పడుకుని ఏడ్చేది. ఇవాళ పిచ్చుక వింటోంది. పిల్ల సంబరం పాడుచేయడం ఎందుకు? ఒక్కపూట వేషమే కదా అనుకుంది.

"ఊ," అంది.

చేపల తొట్టిలో బుడగల చప్పుడు ఆగిపోయింది. హాల్లో మాటలు, గిన్నెల మోత, వంటింట్లో గరిటెల గలగల, అన్నీ ఎవరో తలుపు మూసినట్టు దూరమయ్యాయి. వాన చప్పుడు కూడా లేదు. మందుల వాసన మాత్రం దగ్గరికి వచ్చింది.

పిచ్చుక రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. "తిప్పు."

కొత్తావిడ పలక అంచు మీద వేళ్ళు పెట్టింది. తోయడానికి ముందే అది కదిలింది. మెల్లగా... గర్రుమంటూ. వర్క్‌షాపులో అద్దాన్ని రాయి మీద పెట్టినప్పుడు వచ్చే చప్పుడది. ఆమె ఆపాలని చూసింది. ఆగలేదు. ఎదుటి వైపునుంచి ఎవరో తిప్పుతున్నారు.

ఎదుటి అంచు మీద నాలుగు వేళ్ళు ఉన్నాయి.

బక్కచిక్కిన వేళ్ళు. చేతి వెనక, సూది గుచ్చే చోట, దూది మీద వేసిన ప్లాస్టర్. మణికట్టు దగ్గరనుంచి పైకి ఏమీ లేదు. ఉన్నదల్లా ఆవిరి.

ఆమెకి పైప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి లాక్కోబోతే... వేళ్ళు పలకకి అతుక్కుపోయాయి.

"ఏవండీ..." అనబోయింది. గుసగుస కూడా రాలేదు.

కళ్ళజోళ్ళాయన చేప ముల్లు ఏరుకుంటున్నాడు.

పలక వేగం అందుకుంది. సూపు తొణికింది. నూడుల్స్ గిన్నె వచ్చింది, పోయింది. చేప వచ్చింది, పోయింది. ఆమె భుజం సాగింది. నొప్పి లేదు. భుజం వెనకాల ఒళ్ళు, ఒళ్ళు వెనకాల ఇంకేదో... ఊడి వస్తోంది. ఫ్రేములోంచి అద్దాన్ని బొటనవేలితో నొక్కి ఊడదీస్తే ముందు కాస్త బిగిసి, తర్వాత టక్కుమని వచ్చేస్తుంది. అలాగే వచ్చేసింది.

పలక ఆగింది.

చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. వాన, గరిటెలు, హాల్లో ఎవరిదో నవ్వు. ఆమె ఊపిరి పీల్చుకోబోయింది. ఊపిరి రాలేదు. రావలసిన అవసరమూ ఉన్నట్టు లేదు.

గోడ ఇప్పుడు ఎదురుగా ఉంది. ఇందాక వీపు వెనకాల ఉన్న గోడ. దాని ముందు కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. గడ్డం మీద పుట్టుమచ్చ. రాయి తగిలి కొసలు మొద్దుబారిన వేళ్ళు. అది ఆమె ఒళ్ళే. తేనె రంగు ఫ్రేము వెనకాల ఆమె కళ్ళే. ఆ కళ్ళు ఆమె వంక ఒక్క క్షణం చూశాయి. అందులో కోపం లేదు, జాలి లేదు. ఖాళీ చేసి వెళ్ళే అద్దె గది వంక చూసినట్టు చూశాయి.

"కళ్ళు తెరువు బంగారం," అంది ఆ ఆడమనిషి.

పిచ్చుక చేతులు తీసింది. ముందు కాయగూరల వేపుడు ఉంది. ముఖం చిట్లించబోయి ఆగింది. తల తిప్పి పక్కకి చూసింది. ఆ ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా?"

"ఊ, నేనే. తిను. ఆలస్యమైపోయింది కదూ?"

"అమ్మా! నాన్నా, అమ్మ!"

పిల్ల ఎగిరి ఆ మెడకి చుట్టుకుపోయింది. అమ్మా, అమ్మా అని ఆగకుండా అంటూనే ఉంది. బడిలో ఏం జరిగిందో, పళ్ళు ఎప్పుడు ఊడాయో, ఎవరితో కచ్చి కొట్టి మాటలు మానేసిందో అన్నీ కలగలిపి చెబుతోంది. రెండేళ్ళుగా మూసుకున్న నోరు ఒక్కసారి తెరుచుకుంది. కళ్ళజోళ్ళాయన తినడం మానేసి చూస్తున్నాడు. చూసి చూసి ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఈ ఏడాదిలో కొత్తావిడ కోసం ఆ కళ్ళు ఒక్కసారీ తడవలేదు.

ఖాళీ కుర్చీలో ఉన్నామె అరిచింది. నేనిక్కడున్నాను అని అరిచింది. బల్ల మీద చేతులు వేసి కొట్టింది. సూపులో చిన్న అల కూడా లేవలేదు.

"ఈ అద్దాలు నాకు పడట్లేదండీ," అంది అవతలి ఆడమనిషి కళ్ళజోడు తీసి మడుస్తూ.

"రేపు షాపులో వేరేవి బిగించుకుందువులే," అన్నాడాయన. ఎంత తేలిగ్గా అన్నాడో! ఏడాది కాపురం చేసిన మనిషి ఎటు పోయిందని ఒక్క ముక్క అడగలేదు. తెలిసే అడగలేదో, తెలియకే అడగలేదో ఆయనకే ఎరుక. తెలిసినా అడిగేవాడు కాదని మాత్రం ఆమెకి అనిపించింది. ఆ మాట అనుకున్నప్పుడు భయం కూడా పక్కకి తప్పుకుంది. ఇంత చేదు ఎన్నడూ తెలియదు ఆమెకి.

వాళ్ళు తిన్నారు. నవ్వుకున్నారు. లేచారు. ఆ ఆడమనిషి పిచ్చుక మూతి తుడిచి, జడ సర్దింది. మధ్యాహ్నం కొత్తావిడ అల్లిన జడే అది. పిల్ల వెళ్తూ వెళ్తూ తెర దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఆంటీ ఏది?"

"ఏ ఆంటీ బంగారం?"

పిల్ల గది అంతా చూసింది. ఖాళీ కుర్చీ మీదుగా చూపు వెళ్ళింది, ఆగకుండా వెళ్ళిపోయింది. అడిగిన మాట అప్పుడే మరిచిపోయినట్టు నవ్వి, అమ్మ వేలు పట్టుకుంది.

తెర పడింది.

వెయిటర్ వచ్చి గిన్నెలు తీశాడు. నాలుగో గిన్నెలోకి తొంగిచూశాడు. అందులో ఎవరూ వడ్డించలేదు, అయినా ఎవరో అడుగంటా తాగేసినట్టు సూపు తడి ఉంది. బల్ల తుడుస్తుంటే అతని చెయ్యి ఆమె చేతి మీదుగా వెళ్ళింది. అతను చెయ్యి దులుపుకుని, చలేస్తోందని గొణుక్కుంటూ దీపం ఆర్పేసి వెళ్ళాడు.

హాలు వెలుతురు తెర కింద సన్నటి గీతలా మిగిలింది. ఆమె లేవాలని చూసింది. లేవడానికి ఒళ్ళు లేదు. ఏడవాలని చూసింది. అదీ కుదరలేదు. ఈ చీకట్లో, ఈ తడి కుర్చీలో మొదటావిడ ఇన్నాళ్ళూ ఇలాగే కూర్చుందా? కూతుర్ని ఎవరైనా తెచ్చేదాకా ఎదురుచూస్తూ? అయితే తన కోసం వచ్చేవాళ్ళెవరు? ఆలోచించింది. ఎంత ఆలోచించినా ఒక్క ముఖం కూడా తట్టలేదు.

అప్పుడు బల్ల కింద ఏదో కదిలింది.

బల్లగుడ్డ అంచు లేచింది. చల్లటి చిన్న చెయ్యి ఒకటి తడుముకుంటూ వచ్చి ఆమె వేలు పట్టుకుంది. సూపులో అల కూడా లేపలేని చెయ్యి, వెయిటర్ చేతికి తగలని చెయ్యి... దీనికి మాత్రం దొరికింది.

"అమ్మా," అంది ఒక పిల్ల గొంతు. ఆ గొంతు పిచ్చుకది కాదు. ఎవరిదో ఆమెకి తెలియదు.

ఆమె వేలు లాక్కోబోయింది.

"ఇందాకటి అమ్మ వెళ్ళిపోయింది," అంది ఆ గొంతు ఇంకా మెల్లగా, ఆమె ఒళ్ళోకి పాకుతూ. "నువ్వు వెళ్ళవు కదూ?"